మారా అనబడిన తల్లులు

మన జాతీయగీతము జనగణమన ఇంగ్లీషులోకి ఎక్కడ వచ్చిందని సండేస్కూలు పిల్లలను అడిగితే కలకత్తా అంటారు. వచ్చింది మన రాయలసీమలోని మదనపల్లెలో. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు అక్కడి థియోసాఫికల్ కాలేజీలో కొద్దిరోజులు విశ్రాంతిగా ఉన్నారు. అప్పుడే ఆ పాటను తామే ఇంగ్లీషులో రాసిచ్చారు. పాటకు స్వరం రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఐర్లాండు దేశస్థురాలు. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ ఆ కాలేజీ ప్రిన్సిపాలు, ఐరిష్ కవి. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి మూలంగా మదనపల్లె పేరు మన సంఘాలవారికి బాగా తెలుసు గాని, ఈ దంపతుల సంగతి తెలిసినవారు తక్కువ. వారు థియోసఫీ మార్గం పట్టినవారు. ఆ మార్గంతో ఇక్కడ మనకు పని లేదు. పని ఉన్నది కజిన్స్ గారు ఇండియాకు రాకముందు డబ్లిన్ నగరంలో తిరిగిన మనుషులతో.

డబ్లిన్‌లో ఆయన ఒక చిన్న నాటక బృందానికి సన్నిహితులు. 1902లో ఆ బృందము ఆయన రాసిన 'ది రేసింగ్ లగ్' అనే నాటకం ఆడింది. అది సముద్రాన్ని నమ్ముకొని బతికే పల్లెవారి కథ. తరువాత పేరు మార్చుకొన్న ఆ బృందమే 1904 ఫిబ్రవరి 25న మరొక సముద్రపు నాటకం ఆడింది. దాని పేరు 'రైడర్స్ టు ది సీ', రాసినవారు జాన్ మిల్లింగ్టన్ సింజ్. సముద్రానికి పోయే రౌతులు అని చెప్పుకోవచ్చు. కజిన్స్ గారి నాటకము మరుగున పడిపోయింది. సింజ్ నాటకాన్ని నూరేళ్లు దాటినా చదువుతూనే ఉన్నారు. సికింద్రాబాదు పక్కన కాప్రాలో ఉన్న మా ఇంటికి వచ్చింది ఈ రెండవ నాటకమే.

కాప్రా 2007 వరకు వేరే మునిసిపాలిటీ, ఆ ఏడు మహానగరంలో కలిసింది. పనుల కోసం నాలుగు దిక్కుల నుంచి వచ్చి ఇల్లు కట్టుకొన్నవారే మా వీధిలో ఎక్కువ. మేమూ అలాగే కృష్ణాజిల్లా దివిసీమ నుంచి వచ్చిన కుటుంబము. ఇంట్లో మూడు తరాలవారము ఉంటాము. పెద్దతరంలో మిగిలింది మామ్మ ఒక్కతే. ఆమెకు ఇంగ్లీషు అక్షరము రాదు. తెలుగు బైబిలు మాత్రం భూతద్దం పెట్టుకొని ఏటా ఆదికాండము నుంచి ప్రకటన దాకా చదువుతుంది. చిన్నతరము మా అమ్మాయి. కొన్నేళ్ల క్రితం ఆమె ఎం.ఏ. ఇంగ్లీషు చదివేటప్పుడు పాఠాల్లో ఐరిష్ రచయితలు వరుసగా వచ్చారు. యేట్స్, సింజ్, జాయిస్, బెకెట్. వీరి రాతల్లో అడుగడుగునా బైబిలు మాటలు, పరిశుద్ధుల గురించి, దయ్యాల గురించి ఆ దేశంలో చెప్పుకొనే పాత గాథలు. బజారులో దొరికే గైడు 'ఇది బైబిలు సూచన' అని ఒక్క ముక్క రాసి తరువాతి ప్రశ్నకు పోతుంది. ఆ సూచన విప్పి చెప్పగల మనిషి మా వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ ఉండేది.

ఈ పుస్తకాల సంగతి విని మా సంఘపు పెద్ద ఒకాయన, "ఈ రాసినవాళ్లలో సగంమంది గుడి మానేసినవాళ్లేనటగా, వాళ్ల రాతలు మన పిల్లలకు దేనికండీ?" అన్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. జాయిస్ జెస్యూట్ గురువుల బడుల్లో చదివి తరువాత రోమన్ సంఘాన్ని విడిచారు. యేట్స్ తాతగారు ప్రొటెస్టెంటు పాదిరి, మనవడు మాత్రం మంత్రతంత్రాల వెంట తిరిగారు. సింజ్ పధ్నాలుగేళ్ల ప్రాయంలో డార్విను పుస్తకము చదివి విశ్వాసం పోగొట్టుకొన్నారు. ఆయన తల్లి గొప్ప ప్రార్థనాపరురాలు. ఆ తల్లి మనసు ఎలా ఉండి ఉంటుందో మన పాఠకులకు వేరే చెప్పాలా? అయినా వీరు కలము పట్టినప్పుడల్లా చిన్ననాడు నేర్చిన వాక్యమే వీరి నోటికి వచ్చింది.

మనకూ ఇటువంటి పేచీ కొత్త కాదు. గుర్రం జాషువా క్రైస్తవ ఇంట పుట్టిన కవి. 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందారు. ఆయనే 1941లో 'గబ్బిలం' రాశారు. అందులో గుడిలోకి రానివ్వని ఒక పేదవాడు తన మొర కాశీ విశ్వేశ్వరునికి చెప్పిరమ్మని గబ్బిలాన్ని పంపుతాడు. మనిషికి తెరవని గుడిలో గబ్బిలానికి అడ్డులేదు గనుక. క్రైస్తవుడు శివుని పేరెత్తి రాయడమేమిటని అడిగేవారు అడుగుతారు. ఆ పేదవాడి నోట ఏ మాట నిజంగా వస్తుందో ఆ మాట రాశారు జాషువా. మంచి కవి చేయవలసింది అదే అని మా అభిప్రాయము. ఐర్లాండువారిని చదవడానికి కూడా మాకు అదే దారి చూపింది.

బెకెట్ రాసిన 'వెయిటింగ్ ఫర్ గోడో' గురించి ఎక్కువ చెప్పము, ఆ నాటకం మాకు పూర్తిగా రుచించలేదు. 1953 జనవరిలో పారిసులో మొదట ఆడారు. ఇద్దరు దిక్కులేనివాళ్లు ఒక ఎండుచెట్టు కింద ఎవరికోసమో ఎదురుచూస్తుంటారు. వారిలో ఒకడు ప్రభువుతో పాటు సిలువ వేయబడిన ఇద్దరు దొంగల గురించి బెంగ పెట్టుకొంటాడు. నలుగురు సువార్తికులలో ఒక్కరే ఒక దొంగ రక్షించబడ్డాడని రాశారట, ఇద్దరు అసలు దొంగల ఊసే ఎత్తలేదట, ఒకరు ఇద్దరూ దూషించారని రాశారట. మా అమ్మాయి ఇది చదివి వినిపించగానే మామ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

"లెక్క తప్పు చెప్పాడే వాడు. మత్తయి, మార్కు ఇద్దరూ దూషించారనే రాశారు. యోహాను ఇటొకణ్ణి అటొకణ్ణి వేశారని రాశాడు. ఊసెత్తనివాళ్లు ఎవరూ లేరు."

తీసి చూస్తే ఆమె చెప్పిందే సరి. గైడు రాసినాయనకు ఈ సంగతి తట్టలేదు. ఆ నాటకంలోనే మేకలు కాసే కుర్రవాడొకడు వస్తాడు. యజమాని వాణ్ణి కొట్టడట, గొర్రెలు కాసే వాడి అన్నదమ్ముణ్ణి మాత్రం కొడతాడట. మత్తయి 25వ అధ్యాయంలో గొర్రెలు కుడివైపు, మేకలు ఎడమవైపు గదా. మామ్మ చాలాసేపు నవ్వి, "ఇదెక్కడి యజమానే!" అంది. తలకిందులు చేసి రాయడంలో ఆ రచయిత ఉద్దేశము గైడు నాలుగు పేజీల్లో చెప్పలేకపోయింది.

నవ్వుకు వీలులేనిది యేట్స్ రాసిన 'ది కౌంటెస్ క్యాథ్లీన్'. 1892లో అచ్చయి, 1899 మే 8న డబ్లిన్‌లో మొదటిసారి ఆడబడింది. కథ ఇది. దేశంలో ఘోరమైన కరువు. ఇద్దరు దయ్యాలు వ్యాపారుల వేషంలో వచ్చి బంగారం ఇచ్చి ఆకలిగొన్నవారి ఆత్మలు కొంటుంటారు. క్యాథ్లీన్ అనే జమీందారిణి ముందు తన ఆస్తి అంతా ప్రజలకు ఖర్చుపెడుతుంది. అదీ అయిపోయాక వారి ఆత్మలు విడిపించడానికి తన ఆత్మనే అమ్ముకొంటుంది. చనిపోయాక దేవుడు ఆమె చేసిన పనిని గాక ఆమె ఉద్దేశాన్ని చూసి చేర్చుకొన్నాడని ముగింపు. దీనిమీద డబ్లిన్‌లో పెద్ద అల్లరి జరిగింది. ఐరిష్ రైతు బంగారానికి ఆత్మ అమ్ముకొంటాడా అని విద్యార్థులు నిరసన పత్రం రాశారు. దానిమీద సంతకం చేయనన్న కుర్రవాడు 17 ఏళ్ల జేమ్స్ జాయిస్.

ఆ కోపానికి వేరు యాభై ఏళ్ల వెనుక ఉంది. 1845లో ఐర్లాండులో బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. తరువాతి కొన్నేళ్లలో సుమారు 10 లక్షలమంది ఆకలికి, జ్వరాలకు చనిపోయారు, అంతకు మించినవారు ఓడలెక్కి దేశం విడిచారు. ఆ రోజుల్లో కొన్ని ప్రొటెస్టెంటు మిషన్లు గంజి పోసి మతం మార్పించాయన్న నింద ఆ దేశంలో ఇప్పటికీ మాసిపోలేదు. గంజికి మారినవారికి 'సూపర్లు' అని పేరు పెట్టారు. గంజి తాగినవాళ్లు అని అర్థం. ఈ మాట చదువుతుంటే మా ఇంట్లో ఎవరమూ కాసేపు మాట్లాడలేదు. మన తాతముత్తాతలను కూడా ఇటువంటి మాటే అన్నారు గదా!

అయితే ఒంగోలు సంగతి మన పత్రికలో చాలాసార్లు చదివే ఉంటారు. 1876 నుంచి 1878 వరకు వచ్చిన కరువులో బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకొన్నారు. వేలమంది పేదలకు కూలి దొరికింది. కూలికి వచ్చినవారిలో ఎందరో బాప్తిస్మము అడిగినా కరువు తగ్గేదాకా ఆయన ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని ఆగారు. సహాయం ముగిశాక, పంచిపెట్టడానికి చేతిలో ఏమీ లేదని చెప్పినా వారు వెనక్కి పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము తీసుకొన్నారు. యేట్స్ నాటకంలో ఆత్మకు వెలకట్టే త్రాసు ఉంటుంది. ఒంగోలులో ఆ త్రాసును పక్కన పెట్టి కొన్ని నెలలు కాచుకొని కూర్చున్నారు. ఈ రెండూ కలిపి చదివితేనే ఆ నాటకంలోని భయము మాకు అర్థమయింది.

ఐర్లాండులోనూ అందరూ ఒకటి కాదు. దక్షిణాన స్కల్ అనే చోట రాబర్ట్ ట్రెయిల్ అనే ప్రొటెస్టెంటు పాదిరి ఉండేవారు. కరువులో జనానికి తిండి పెట్టించే పనిలో పడి, వారి జ్వరమే తనకూ తగిలి 1847లో చనిపోయారు. ఆయన కూతురే సింజ్ తల్లి. సింజ్ పినతండ్రి వరుస పాదిరి ఒకాయన 1851లో అరన్ దీవులకు సేవకు వెళ్లారు. ఆ దీవులకే 1898లో సింజ్ వెళ్లారు. సువార్త చెప్పడానికి కాదు, ఆ మనుషుల మాట వినడానికి. అక్కడి పడవలవారిని, వారి తల్లులను చూసి రాసిందే 'రైడర్స్ టు ది సీ'.

చిన్న నాటకము, అరగంటలో అయిపోతుంది. మా అమ్మాయి ఒక వాక్యం ఇంగ్లీషులో చదివి దాన్ని తెలుగులో చెబుతూ పోతే మాకు రెండు సాయంత్రాలు పట్టింది.

దీవిలో ఒక వంటిల్లు. మౌర్యా అనే ముసలి తల్లి. మామగారిని, భర్తను, నలుగురు కొడుకులను ఇదివరకే సముద్రానికి ఇచ్చింది. అయిదవవాడు మైఖేల్ తొమ్మిది రోజులుగా కనిపించడం లేదు. శవం దొరికితే పెట్టెకోసమని కొన్న తెల్ల చెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. దూరాన ఉత్తరాన కొట్టుకొచ్చిన ఒక శవం మీది చొక్కా, మేజోడు మూటకట్టి చిన్నపాదిరి పంపిస్తాడు. మేజోడు అల్లిన చెల్లెలు నోరా దాని కుట్లు లెక్కపెడుతుంది. అరవై కుట్లు ఎత్తి నాలుగు జారవిడిచింది తానే. లెక్క సరిపోయింది, అది అన్న మేజోడే.

మామ్మ "ఎన్ని?" అంది. మా అమ్మాయి మళ్లీ చెప్పింది. "నాలుగు వదిలిందా?" అని మళ్లీ అడిగింది.

మిగిలిన ఒక్క కొడుకు బార్ట్‌లీ గుర్రాలు అమ్మడానికి సంతకు బయలుదేరతాడు. ఎర్రగుర్రం మీద తాను, వెనక బూడిదరంగు గుర్రము. వద్దని తల్లి ఎంత చెప్పినా వినడు. దేవుని దీవెన నీకుండాలి అని కొడుకు తల్లితో అని వెళ్లిపోతాడు. తల్లి తిరిగి దీవించదు. రొట్టె కూడా కట్టివ్వడం మరిచిపోతారు. దీవెన ఇవ్వకుండా పంపించావేమని కూతురు కోప్పడితే, ఆ రొట్టె పట్టుకొని ఊటబావి దగ్గర ఎదురు వెళ్తుంది. తిరిగి వచ్చేసరికి రొట్టె ఇంకా చేతిలోనే ఉంటుంది. కొడుకు దారిలో మళ్లీ దీవెన చెప్పాడు, తాను చెప్పబోతే గొంతులో ఏదో అడ్డుపడింది. బూడిదరంగు గుర్రం మీద చనిపోయిన మైఖేల్ కొత్తబట్టలతో కూర్చుని ఉండడం చూసింది. కాసేపటికి బార్ట్‌లీ శవాన్ని మోసుకొస్తారు. ఆ బూడిదరంగు గుర్రమే అతన్ని సముద్రంలోకి నెట్టింది.

గైడులో ఇక్కడ రెండు సూచనలు ఇచ్చారు. ఒకటి ప్రకటన 6వ అధ్యాయంలో మరణము ఎక్కి వచ్చిన పాలిపోయిన గుర్రము. రెండవది నిర్గమకాండము 15వ అధ్యాయంలో గుర్రమూ రౌతూ సముద్రంలో మునిగిన పాట. నాటకం పేరు అక్కడి నుంచే వచ్చిందట. ఆ పాట మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. కాని అక్కడ మునిగినది ఫరో సైన్యము, ఇక్కడ మునిగినది కన్నబిడ్డలు. ఇది మేము మాట్లాడుకొంటుంటే మామ్మ, "ఆ తల్లి పేరేమన్నావు?" అని అడిగింది.

"మౌర్యా. మేరీ పేరే వాళ్ల భాషలో అలా పలుకుతారట మామ్మా."

"మేరీ అంటే మిర్యామే గదా. మిర్యాము తంబుర పట్టుకొని పాడింది ఆ సముద్రం ఒడ్డునే. ఆ అధ్యాయంలోనే కిందికి చదువు. పాట అయిపోయాక మూడు రోజులు నడిచారు, నీళ్లు లేవు. నీళ్లు దొరికిన చోటు పేరు మారా. చేదు. నయోమి కూడా అదే అంది. మొగుణ్ణి, ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకొని ఊళ్లోకి వచ్చి, నన్ను నయోమి అనకండి, మారా అనండి అంది. మీ మౌర్యా నాకు మారా అనే వినపడుతుంది."

పాట, మిర్యాము, చేదునీళ్లు, మూడూ ఒక్క అధ్యాయంలోనే ఉన్నాయి. మేము ఎన్నిసార్లు చదివామో! మునిగిన రౌతుల పాట దగ్గరే ఆగి, చేదునీళ్ల దగ్గరికి వచ్చేసరికి అది వేరే పాఠమనుకొన్నాము. గుడిలో కూడా ఆ రెండింటినీ వేర్వేరు ఆదివారాల్లోనే చదువుతారు.

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. మరునాడు సాయంత్రము మిగిలినది చదివేముందు తానే చెప్పింది.

1977 నవంబరు 19 శనివారము. దివిసీమ ఉప్పెన. ఆ రాత్రి సముద్రం మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది, 10,000 మందికి పైగా పోయారు. మా ఇంట్లో పోయినవారు మామ్మ భర్త, ఆరేళ్ల పెద్దకొడుకు. చంకలో ఉన్న పసిబిడ్డతో ఆమె తుమ్మకంపలో చిక్కుకొని బతికింది. ఆ ముళ్ల గాట్లు ఆమె చేతుల మీద ఇంకా ఉన్నాయి. ఆ పసిబిడ్డ ఇప్పుడు ఈ మాటలు రాస్తున్న మాలో ఒకడు. ఇంతవరకు మాకు తెలుసు. ఇంట్లో ఎవరమూ ఇంతకుమించి అడిగింది లేదు, ఆమె చెప్పిందీ లేదు.

ఆరోజు మధ్యాహ్నం గాలి ముదిరింది. తాత గేదెలను తోలుకొద్దామని బయలుదేరాడు. పిల్లవాడు తానూ వస్తానని మారాము చేశాడు. పసిబిడ్డ ఏడుస్తున్నాడు, పొయ్యి రాజుకోవడం లేదు, పొగ. వాడు గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మా, వెళ్లొస్తా" అన్నాడు. ఆమె తల తిప్పకుండా, "పో" అంది.

మన పల్లెల్లో బయలుదేరే మనిషిని పో అనరు. పాలేరునైనా, పొరుగింటివాణ్ణైనా వెళ్లిరా అంటారు. వెళ్లేవాడు కూడా వెళ్తున్నా అనడు, వెళ్లొస్తా అంటాడు. తిరిగి రావడం ఆ మాటలోనే ఉంటుంది. ఇంతకంటే చిన్న దీవెన ఏ భాషలోనూ ఉండదేమో. మౌర్యా గొంతులో అడ్డుపడినది ఆ మాటే అని మామ్మకు ఒక్కసారి వినగానే తెలిసింది.

మరునాడు ఆదివారము. గుడీ లేదు, గంటా లేదు. భర్త శవం మూడవరోజు దొరికింది. పిల్లవాడు దొరకలేదు. వారం తరువాత పక్క ఊరి మనిషి ఒకడు వచ్చి, గళ్ల చొక్కా వేసుకొన్న పిల్లవాణ్ణి మిగతా శవాలతో కలిపి దహనం చేశామని, జేబు మీద నీలంగుడ్డ మాసిక ఉందని చెప్పాడు. ఆ మాసిక వేసింది ఆమే. ఎర్రదారంతో వేసింది, నీలందారం అయిపోయి. "దారమేమి రంగు?" అని ఆ మనిషిని అడిగిందట. అతను చూడలేదన్నాడు. అందుకే నాలుగు కుట్లని రెండుసార్లు అడిగింది. ఆ నోరాకు లెక్క సరిపోయింది.

ఎవరము ఇంట్లో నుంచి కదిలినా మామ్మ ఏ పని చేస్తున్నా మానేసి గుమ్మం దాకా వచ్చేది. వెళ్లిరా అని, తిరిగి మా నోట వస్తాను అన్న మాట వినేదాకా లోపలికి పోయేది కాదు. బస్సుకు ఆలస్యమవుతుందని విసుక్కొనేవాళ్లము. నలభై ఏళ్లు దాటిన కొడుకుకు ఆ సాయంత్రం తెలిసింది, ఆ గుమ్మం దగ్గర రోజూ నిలబడుతున్నది తనొక్కడే కాదని.

చాలాసేపటికి ఆమే, "చదవవే, ఆపావేం?" అంది. మా అమ్మాయి చదివింది.

నాటకంలో చిన్నపాదిరి రంగం మీదికే రాడు. అతని మాట మాత్రం ఒకటి కూతురి నోట వినిపిస్తుంది. కొడుకన్నవాడే మిగలకుండా దేవుడు ఆ తల్లిని దిక్కులేనిదాన్ని చేయడని అతను ధైర్యం చెప్పాడట. ఆ మాట నిలవలేదు. అతనివంటి వారికి సముద్రం సంగతి తెలియదంటుంది మౌర్యా. ఈ చోటు చదివి సంఘాన్ని ఎగతాళి చేశాడని కొందరు అంటారట. మామ్మకు ఎగతాళి కనిపించలేదు. "చిన్నవాడు. ఆదరించాలని చెప్పాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నారు. అంతవరకు బాగానే చేశారు. నాకూ చెప్పారు శిబిరంలో, ఒకణ్ణి మిగిల్చాడు గదమ్మా అని. మిగిలినవాణ్ణి ఒళ్లో పెట్టుకొనే విన్నా."

చివర మౌర్యా ఏడవదు. శవం మీద పరిశుద్ధ జలము చల్లి, ఇక సముద్రం తనను చేయగలిగింది ఏమీ లేదని, ఇకమీదట గాలివీచే రాత్రుల్లో లేచి కూర్చోనక్కరలేదని, నిద్రపోవచ్చని అంటుంది. రోమన్ సంఘపు ఆచారంలోని ఆ జలము సంగతి ఎలా ఉన్నా, ఈ మాటలు మాకు కటువుగా తోచాయి. ఒక తల్లి అనదగిన మాటలేనా? గైడు దీన్ని గ్రీకు నాటకాల విధితో పోల్చి, స్టోయిక్ వైరాగ్యమని పేరుపెట్టింది. మా అమ్మాయి అదే రాసుకొంది.

"వైరాగ్యమేమీ కాదు," అంది మామ్మ. "దావీదు ఏం చేశాడు? బిడ్డ రోగంతో ఉన్నన్నాళ్లూ నేలమీద పడి ఉపవాసం ఉన్నాడు. పోయాడని తెలియగానే లేచి స్నానం చేసి, దేవుని మందిరానికి పోయి, ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు. పనివాళ్లే ఆశ్చర్యపోయారు. శిబిరంలో నేనూ నిద్రపోయా. మాసిక సంగతి తెలిసిన రాత్రి. అప్పటిదాకా ఏ పిల్లాడి గొంతు వినపడినా లేచి పరిగెత్తేదాన్ని. ఆ రాత్రి తెల్లవార్లూ నిద్రపోయా. బిడ్డ పోయిన తల్లి ఇలా నిద్రపోవచ్చా అని పొద్దున నా మీద నాకే అసహ్యం వేసింది. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలా. ఆయనెవరో దేశం కాని దేశంలో రాసిపెట్టాడు."

విశ్వాసం విడిచిన మనిషి రాసినదాని పక్కన దావీదు కథ పెట్టి చదవగలిగింది ఆమె. మేము అయితే ఆ రెండింటినీ దగ్గరికి రానిచ్చేవాళ్లము కాము. సాక్ష్యం చెప్పే కూటాల్లో ఆదరణ పొందానని చెబుతాము గాని, ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది అని ఎవరము చెబుతాము? దావీదు ఇంట్లో పనివాళ్లు అడిగిన ప్రశ్న పరిశుద్ధ గ్రంథంలో దాచకుండా రాసి ఉంది. సింజ్ దాచకుండా రాశారు. అందుకే మా సంఘపు పెద్దాయన ప్రశ్నకు మేము ఇంకా తగిన జవాబు చెప్పలేదు గాని, ఆ పుస్తకము ఆయనకు ఇచ్చాము. ఆయన కూడా బందరు వైపువారు.

నాటకంలో ఒక చిన్న సంగతి మిగిలింది. బార్ట్‌లీకి పెట్టె చేయడానికి తెల్ల చెక్కలున్నాయి గదా, మేకులు లేవు. చెక్కలు కొన్నప్పుడు మేకుల మాట తల్లి మరిచిపోయింది. ఇన్ని శవపేటికలు చేయించిన మనిషి మేకులు మరవడమేమిటని అక్కడున్న ఒకతను ఆశ్చర్యపోతాడు. మామ్మ అతని మీద విసుక్కొంది.

"ఎన్ని చేయిస్తే మాత్రం ఎవరికి గుర్తుంటాయి మేకులు? ఇంతకీ ఎవరు తెచ్చారు?"

"అది లేదు మామ్మా, నాటకం అయిపోయింది."

"ఎవరో ఒకరు ఇచ్చి ఉంటార్లే. ఊరన్నాక ఎవరింట్లోనైనా ఉంటాయి," అని మామ్మ చిక్కుడుకాయల చేట దగ్గరికి లాక్కుంది.